కుక్కపిల్ల గుంతలు తీస్తుంటే బండలు పరచాలా, ఇసుక పోయాలా?

ఈ ఎండాకాలంలో మా వీధివాళ్లు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "పెరడంతా బండలు పరిచేస్తే పీడ పోతుంది కదా?" కడపలో ఉండి బండల మాట రాకపోతేనే ఆశ్చర్యం.

మా బుడ్డోడికి ఎనిమిది నెలలు. నాటు కుక్క. మార్చికీ మే నెలకీ మధ్య పదకొండు గుంతలు తీశాడు. అందులో రెండు మా అమ్మ మల్లెచెట్టు పాదులో. దాంతో ఇంట్లో పంచాయితీ మొదలైంది. మొదట నేనూ బండలకే ఓటేశాను. పెరట్లో సగం పరిపించాను కూడా. తర్వాత పని ఆపించి, కానుగచెట్టు కింద ఇసుక గుంత చేయించాను. అంటే ఇప్పుడు మా ఇంట్లో రెండూ ఉన్నాయి.

ఏది మేలో తేల్చుకునే ముందు, అది ఎక్కడ తవ్వుతోందో, ఏ వేళప్పుడు తవ్వుతోందో రెండు రోజులు గమనించండి. నా వరకు సగం జవాబు అక్కడే దొరికింది. మావాడి పదకొండులో ఏడు గుంతలు ఒకే తీరు. గోడ నీడలో, కొళాయి నీళ్లు పారేచోట, జానెడు లోతు, వాడు ముడుచుకుంటే సరిగ్గా పట్టేంత వెడల్పు. అన్నీ మధ్యాహ్నం పన్నెండు దాటాక తీసినవే. పైమట్టి గీరేసి, అడుగున తడి తగలగానే పొట్ట ఆనించి, నాలుక వేలాడేసి పడుకునేవాడు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కాస్త పడుతుంది, మిగతా వేడినంతా రొప్పుతూ వదిలించుకోవాల్సిందే. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 38, 39 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయట 42 కాస్తుంటే దానికి చల్లటి నేల కావాలి. మావాడు తవ్వుకున్నది పడక. నేనేమో కొంటెతనం అనుకుని కేకలేశాను.

బండ ఓడిపోయింది ఇక్కడే. మన బండ నల్లది. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి దాని మీద అరచెయ్యి ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టి చూడండి. నేను మూడు దాటలేదు. మన చెయ్యి ఓర్చుకోలేనిది కుక్క పాదం మాత్రం ఎలా ఓర్చుకుంటుంది, బొబ్బలెక్కుతుంది. మేస్త్రీ ముందే అన్నాడు, "ఎండాకాలం దీని మీద కుక్కేంది సార్, మనమే చెప్పుల్లేకుండా నిలబడలేం" అని. నేనే వినలేదు. రాత్రి ఎనిమిదికి కూడా ఆ బండ గోరువెచ్చగానే ఉండేది. పోనీ తవ్వడమైనా ఆగిందా అంటే అదీ లేదు. మట్టి మిగిలిన చోటు తగ్గేసరికి గుంతలన్నీ మల్లెపాదు చుట్టే చేరాయి. అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

అలాగని బండ పనికిరాదనను. గేటు కింద నుంచి, ప్రహరీ కింద నుంచి బయటపడాలని తవ్వే కుక్కకు ఇసుక ఎంత పోసినా లాభం లేదు. ఆ అంచు వెంబడి రెండడుగుల వెడల్పున బండ పరిస్తే సరిపోతుంది. పగిలిన బండ ముక్కలు ఊరికే వస్తాయి. వాటిని చెట్ల పాదుల్లో, మొదలుకు కాస్త ఎడంగా, మట్టి కింద పేర్చాను. గోళ్లకు రాయి తగలగానే వాడు వదిలేశాడు. చెట్టుకు నీళ్లు పట్టడానికి ముక్కల మధ్య సందు ఉంచాలి.

ఇసుక గుంతకు పెద్ద హంగామా ఏమీ లేదు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. నీడలో ఉండటం ముఖ్యం. పొద్దున ఒక బకెట్ నీళ్లు చల్లితే మధ్యాహ్నం దాకా లోపల చల్లగా ఉంటుంది. అలవాటు చేయడానికి మొదటి రోజు వాడి రబ్బరు బంతిని సగం పైకి కనిపించేలా పాతిపెట్టాను. తర్వాత జొన్నరొట్టె ముక్క, ఇంకాస్త లోతుగా. వేరేచోట గీరడం మొదలుపెడితే కేకలేయకుండా పిలిచి ఇక్కడికి తెచ్చేవాణ్ణి. రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత మల్లెపాదు జోలికి ఒక్కసారే పోయాడు. ఆ తప్పు మాదే, అమ్మ అంతకుముందు రోజే పాదులో ఎరువుగా శనక్కాయ చెక్క వేసింది. వాసనకు ఏ కుక్కయినా తవ్వుతుంది. శనక్కాయ చెక్కయితే చెట్టు పాడవడంతో పోతుంది, ఆముదం చెక్క మాత్రం కుక్కలున్న ఇంట్లో వేయకండి. అది తింటే విషం, ప్రాణం మీదికి వస్తుంది.

ఇసుకతో తంటాలు లేవనుకోవద్దు. కాళ్లకు అంటిన ఇసుకంతా వసారాలోకి వస్తుంది, రోజుకు రెండుసార్లు ఊడ్వాలి. వీధి పిల్లులు దాన్ని దొడ్డి చేసుకుంటాయి, అందుకే రాత్రి పూట పాత రేకు కప్పుతున్నాను. తడి ఇసుకలో కొంకి పురుగు (కుక్క పేగుల్లో ఉండే ఒక రకం నట్ట) పిల్లలు బతుకుతాయి, అవి ఒట్టి కాళ్ల చర్మంలోంచి మనుషులకూ ఎక్కుతాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే అందులో ఆడనీయకూడదు. కుక్కకు వేళకు నట్టల మందు పట్టించి, పదిహేను రోజులకోసారి ఇసుక తిరగేసి ఎండబెట్టాలి. ఇంత చాకిరీ వద్దనుకునేవాళ్లు, చెట్టు నీడలో తడి గోనెసంచి పరిచి పక్కన నీళ్లతొట్టి పెట్టినా వేడికి తవ్వే కుక్క చాలావరకు ఊరుకుంటుంది.

కారప్పొడి చల్లమని చాలామంది చెబుతారు. వద్దు. దాని ముక్కు, కళ్లు మండటం తప్ప ఒరిగేదేమీ లేదు, గాలికి మనకూ తుమ్ములు. రోజంతా గొలుసు వేసి ఉంచడం అంతకన్నా అన్యాయం. కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. సాయంత్రం చల్లబడ్డాక అరగంట తిప్పడం ఎలాగూ చేయాల్సిందే. తోచక తవ్వే కుక్కకు అదే మందు.

మా పదకొండులో ఇంకా రెండు గుంతల లెక్క ఉంది. వెనక గోడ వెంబడి, చీకటి పడ్డాక, చాలా లోతుగా తీసినవి. అవి పందికొక్కు కోసం. వాటికి ఇసుకా పనిచేయలేదు, బండా పనిచేయలేదు. బొరియలో రాళ్లు కూరి సిమెంటు పూసేదాకా వాడు ఆ గోడ వదల్లేదు. ఎలుకల మందు పెట్టమని సలహా ఇచ్చారు కానీ కుక్క తిరిగే చోట ఆ మాటే వద్దన్నాను.

ఇసుక ఉచితమే అంటారు గానీ ట్రాక్టరు బాడుగ కట్టాక తెలుస్తుంది ఉచితం సంగతి. ఇంత చిన్న గుంతకు ట్రాక్టరు దేనికి, వీధిలో ఎవరైనా ఇల్లు కడుతుంటే మిగిలింది అడిగి తెచ్చుకోండి. ఏటి ఇసుకే అడగండి. క్రషర్ డస్టు, అంటే కంకర మిల్లు రాతిపొడి, ఇస్తామంటే తీసుకోవద్దు, అది గరుకు, దుమ్ము లేచి వాడి కళ్లలో పడుతుంది.