ఎర్ర జాకెట్‌కి మార్కులేస్తా, 50 డిగ్రీల సలహాకి వెయ్యను

2022లో గ్యాస్ ధరలు పెరిగినప్పటి నుంచి ఇంగ్లండ్‌లోని మన వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: "బాయిలర్ ఫ్లో టెంపరేచర్ 50కి దించండి, బిల్లు దానంతటదే దిగుతుంది." ఫ్లో టెంపరేచర్ అంటే బాయిలర్ కాచి బయటికి పంపే నీళ్ల వేడి. కాంబి (ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు వేడినీళ్లిచ్చే బాయిలర్) ఉన్నవాళ్లు దించుకుని హాయిగా ఉన్నారు. మాలాగా పైన వేడినీళ్ల సిలిండర్, అంటే నీళ్లు కాచి నిలవుంచే ట్యాంకు ఉన్నవాళ్లకి ఏమవుతుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నా కడుపుమంట అంతా అక్కడే.

మాది రెడింగ్‌లో 1970ల నాటి ఇల్లు. ఎయిరింగ్ కప్‌బోర్డులో (ట్యాంకు ఉండే వెచ్చటి అలమరలో) 120 లీటర్ల పాత రాగి సిలిండర్. ముందు దానికి వేడి పోకుండా 80 మిల్లీమీటర్ల మందం ఎర్ర జాకెట్ తొడిగించి, పైపులకి నురుగు తొడుగులు వేయించాం. అయిన ఖర్చుకి ఇంతకంటే మంచి పని ఈ ఇంట్లో ఇంకోటి జరగలేదు. రాత్రి కాగిన నీళ్లు పొద్దున్న స్నానాలకి పనికొచ్చేంత వేడిగా ఉంటున్నాయి.

ఆ ఊపులో ఫ్లో 50కి దించాం. రేడియేటర్లు నెమ్మదిగానైనా ఇల్లు బాగానే వెచ్చబెట్టాయి. తంటా స్నానాల గదిలో వచ్చింది. అప్పుడు మా అత్తగారు నరసరావుపేట నుంచి వచ్చి ఉన్నారు. "అమ్మాయ్, మీ దేశంలో వేడినీళ్లు కూడా వంతులవారీగా ఇస్తారా?" అన్నారు. మొదట వెళ్లినవాళ్లకి సరిపోయేవి, ఆఖరున వెళ్లేవాళ్లకి చన్నీళ్లే. స్మార్ట్ మీటర్ చూస్తే గ్యాస్ ఆగి ఆగి కాలుతూనే ఉంది.

పిలిచిన మెకానిక్, నీళ్లని రేడియేటర్లకో ట్యాంకుకో మళ్లించే మూడు దారుల వాల్వు మోటారు మీద అనుమానపడి, అది మార్చి, డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ అదే కథ. కప్‌బోర్డు తలుపు తీసి పైపులు పట్టుకుని చూశా. ట్యాంకు లోపల బాయిలర్ నీళ్లు తిరిగే గొట్టం చుట్ట ఉంటుంది, అదే కాయిల్. దాంట్లోకి వెళ్లేదీ, బయటికొచ్చేదీ దాదాపు ఒకే వేడి. అంటే ట్యాంకు ఇక వేడి తీసుకోవడం లేదు. ట్యాంకుకి కట్టిన థర్మోస్టాట్ 60 మీద ఉంది. కిందికి తిప్పుతూ వస్తే 50 దాటాక టక్‌మంది, వెంటనే బాయిలర్ ఆగింది. సంగతి తేలిపోయింది! 50 డిగ్రీల నీళ్లు కాయిల్‌లో తిరిగితే ట్యాంకు 60కి ఎప్పటికీ చేరదు. 60 అయ్యేదాకా థర్మోస్టాట్ బాయిలర్‌ని వదలదు. పాత బాయిలర్లలో రేడియేటర్లకీ ట్యాంకుకీ ఒకటే ఫ్లో టెంపరేచర్ మరి.

ట్యాంకు 60లో ఉంటే చన్నీళ్లు కలిపి 40 డిగ్రీల స్నానపు నీళ్లు 200 లీటర్ల దాకా వస్తాయి. 47 దగ్గర ఆగితే 150 కూడా రావు. పోనీ థర్మోస్టాట్ కూడా దించుదామా అంటే, గోరువెచ్చటి నీళ్లలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. 60 పెట్టమనేది అందుకే. ఇమ్మర్షన్ హీటర్ వేద్దామంటే కరెంటు యూనిట్ గ్యాస్ యూనిట్‌కి దాదాపు నాలుగింతలు.

ఇప్పుడు ఫ్లో 68లో ఉంచాం. వేడినీళ్లకి తెల్లవారుజామున ఒక గంట, సాయంత్రం ఒక గంట. బాయిలర్‌కి తిరిగొచ్చే నీళ్లు 55కి లోపు ఉంటేనే కండెన్సింగ్ బాయిలర్ పొగలోని ఆవిరి నుంచి వేడిని రాబట్టుకుంటుంది. రేడియేటర్ల నుంచి వచ్చేవి ఎక్కువసేపు అంతకు లోపే ఉంటున్నాయి కాబట్టి లాభం పూర్తిగా పోలేదు. 50లో వచ్చేంత మాత్రం రాదు.

జాకెట్ గురించి ఇందాక అంత గొప్పగా చెప్పాను గానీ, ఒక నష్టం ఉంది. చలికాలంలో ఇడ్లీ పిండి పులిసేది ఆ కప్‌బోర్డులోనే. జాకెట్ వేశాక అక్కడ వెచ్చదనం పోయింది, పిండి తెల్లారినా పొంగడం లేదు. ఓవెన్‌లో లైటు వేసి లోపల పెడుతున్నాను. ఆ కరెంటు లెక్క మా ఆయన ఇంకా అడగలేదు.

నలుగురం, రెండు బాత్రూములు, అందరికీ పొద్దున్నే తొందర. అందుకని సిలిండర్ తీసేసి కాంబికి మారే ఉద్దేశం లేదు. ఇద్దరే ఉండే ఇంట్లో అయితే లెక్క వేరుగా ఉండొచ్చు. ఈ బాయిలర్ పోయిన రోజున మాత్రం ట్యాంకుకి ఒక టెంపరేచర్, రేడియేటర్లకి ఒక టెంపరేచర్ విడిగా ఇచ్చేదే కావాలని ముందే అడుగుతా. వైరింగ్ కూడా దానికి తగ్గట్టు మార్చాలి, కొటేషన్‌లో అది రాయించుకోండి.