ఇంటింటి ఇంకుడు గుంత: ఎర్రనేలకు వరం, నల్లరేగడికి దండగ

స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశలో, ఉపాధి హామీ పనులను జోడించి ఇంట్లో వాడిన నీరు నేలలోకి ఇంకడానికి మా ఊళ్లో ఇళ్ల ముందు కట్టించిన ఇంకుడు గుంతలను ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ వాడి చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను.

మిషన్ భగీరథ పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల నీరు లక్ష్యంగా పెట్టుకుంది. ఇంట్లోకి వచ్చిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా బయటికి పోతుందన్నది ఇంజనీర్లు సాధారణంగా వేసుకునే లెక్క కనుక, ఐదుగురున్న ఇంటి నుంచి రోజుకు 400 లీటర్ల దాకా రావచ్చు. నల్లాతో పాటే ఈ నీటికీ దారి చూపించి ఉంటే వీధుల్లో ఇంత బురద ఉండేది కాదు.

మాకు కట్టించింది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో పేరుపడిన పద్ధతి. గుంత మధ్యలో చిల్లులున్న సిమెంటు ఒరను దింపి, చుట్టూ కంకర నింపి, పైన మూత వేస్తారు. నీరు నేల మీద నిలవదు కనుక దోమ గుడ్లు పెట్టడానికి చోటుండదు. మా వీధిలో దోమల బెడద తగ్గిందని ఇంటివాళ్లందరూ ఒప్పుకుంటారు.

అయితే గుంత పనితనమంతా దానికి ముందుండి, నీటితో వచ్చే జిడ్డునూ మెతుకులనూ ఆపే పూడిక తొట్టిలోనే ఉంది. మా గుంత కట్టిన మేస్త్రీ ఆ తొట్టిని ఎగ్గొట్టి, అంట్లు తోమే గట్టు నుంచి పైపును నేరుగా ఒరలోకి దించాడు. గంజి, నూనె జిడ్డు, మెతుకులు, సబ్బు నురగ కలిసి కంకర మీద బూడిద రంగు తెట్టులా పేరుకుపోవడంతో కొద్ది నెలలకే నీరు స్నానాల గదిలోకి ఎదురుతన్నింది. కంకర తీసి కడిగించి, జాలీ పెట్టిన చిన్న ఇటుక తొట్టి కట్టించిన తర్వాత ఇబ్బంది రాలేదు. వారానికోసారి మూత ఎత్తి పూడిక తోడాలి. ఆ పని అసహ్యమనుకునేవారు ఈ గుంత జోలికి పోకపోవడమే మేలు.

రెండో సంగతి నేల. మా వైపు ఎర్రనేల కాబట్టి నీరు ఇంకుతోంది, చెరువు వైపు నల్లరేగడిలో అదే కొలతలతో తవ్విన గుంతలు మొదటి ముసురుకే నిండి పొర్లాయి. అక్కడ మురుగును అరటి మొక్కలకు మళ్లించడమో, కాలువ ద్వారా ఊరి చివర స్థిరీకరణ కుంటకు చేర్చడమో సరైన మార్గం. ఎండ, నాచు, సూక్ష్మజీవుల సాయంతో నీటిని శుద్ధి చేసే ఆ కుంటకు కరెంటు అక్కర్లేదు గానీ స్థలం కావాలి, మన ఊళ్లలో తగువంతా ఆ స్థలం దగ్గరే.

ఐదు వేల లోపు జనాభా ఉన్న గ్రామాలకు మురుగునీటి పనుల కోసం స్వచ్ఛ భారత్ రెండో దశ మనిషికి 280 రూపాయల వరకు అనుమతించింది. కట్టడానికి ఇది చాలవచ్చు, కానీ వీధికి ఉమ్మడిగా కట్టే గుంతల పూడిక తీసే కూలిని ఏటా పంచాయతీయే చూసుకోవాలి. ఆ ఖర్చును బడ్జెట్లో రాయని ఊళ్లో వీధి గుంతల కన్నా ఇంటి గుంతలే నయమని నా అభిప్రాయం.

కట్టించుకునేవారు మరుగుదొడ్డి నీటిని ఇందులో కలపకూడదు, తాగునీటి బోరుకు కనీసం 10 మీటర్ల దూరం పాటించాలి. మేస్త్రీకి ఆఖరి డబ్బు ఇచ్చే ముందు తొట్టి మూత ఎత్తించి, నాలుగు బిందెల నీళ్లు గుమ్మరించి ఎంతసేపటికి ఇంకుతాయో దగ్గరుండి చూసుకోండి.