హన్మకొండలో వంటింటి ప్లంబింగ్ పని: ఒక సమీక్ష

హన్మకొండ చౌరస్తా దగ్గరి ఒక చిన్న ప్లంబింగ్ దుకాణం వారితో ఈ ఎండాకాలం మా అపార్టుమెంటు వంటింట్లో సింకు కింది పైపులన్నీ మార్పించాము. వారి పనిని నిస్సంకోచంగా మెచ్చుకోగలను.

సింకు నుంచి దుర్వాసన వస్తోందంటే అంతకుముందు వచ్చిన మరొక మేస్త్రీ యాసిడ్ పోసి వెళ్లిపోయాడు. వీరు మాత్రం ముందు సింకు కింద టార్చి వేసి చూసి, ముడతల గొట్టాన్ని తిన్నగా డ్రైనేజీ పైపులోకి దించడమే అసలు కారణమని చూపించారు. గొట్టంలో వంపు లేకపోతే నీరు నిలవదు. ఆ నిలిచిన నీరే మురుగు గాలిని పైకి రాకుండా ఆపుతుంది. అందుకని అడుగున కొంత నీరు ఎప్పుడూ నిలిచి ఉండే సీసాలాంటి బాటిల్ ట్రాప్ బిగించి, దాని అడుగు మూత విప్పి జిడ్డును, మెతుకులను ఎలా తీయాలో మా అమ్మగారి చేత ఒకసారి చేయించారు. ఆ ఓపిక నాకు ఎంతో నచ్చింది.

మామూలు పీవీసీ 60 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి పనికిరాదు కనుక గీజరు లైనుకు అంతకన్నా ఎక్కువ వేడిని తట్టుకునే సీపీవీసీ పైపులే వేశారు. బోరు నీటి ఉప్పు పట్టిన నల్లా జాలీని వెనిగర్‌లో నానబెట్టి శుభ్రం చేశారే తప్ప, కొత్త నల్లా కొనిపించలేదు.

టైల్ తొలిచిన చోట తెల్ల సిమెంటు నున్నగా పూయకపోవడం ఒక లోపం. సామాను ఖర్చు, కూలి వేర్వేరుగా రాసి బిల్లు ఇచ్చారు. ఆదివారం మాత్రం పనికి రారు.