పోయేటప్పుడు ఎక్కలేదని తిరుగు టికెట్ తీసేశారు

సీటు వెడల్పు, లగేజీ పరిమితి, లోపల ఇచ్చే తిండి గురించి నేను రాయను, అవి అందరికీ తెలిసినవే. కొన్నేళ్లుగా ఎక్కువగా ఒకే ఎయిర్‌లైన్స్‌లో తిరుగుతున్నాను. టైముకి బయల్దేరతారని, సిబ్బంది మర్యాదగా ఉంటారని తెలిసినవాళ్లందరికీ చెప్పాను. నా కోపమంతా ఒక్క నిబంధన మీద. రానుపోను టికెట్ కొని పోయే విమానం ఎక్కకపోతే, తిరిగొచ్చే సీటు కూడా దానంతటదే రద్దయిపోతుంది. చాలా పెద్ద ఎయిర్‌లైన్స్ షరతుల్లో ఇది ఉంది.

దగ్గరి బంధువుని ఆసుపత్రిలో చేర్చారని ఫోన్ రావడంతో అనుకున్నదానికన్నా ముందే బయల్దేరాల్సి వచ్చింది. తేదీ మార్చుకుందామని చూస్తే, మార్పు ఛార్జీకి ఆ రోజు టికెట్ ధరలో తేడా కలిపితే, వేరే కంపెనీలో కొత్త టికెట్ కన్నా ఎక్కువైంది. కొత్తదే కొనుక్కుని వెళ్లాను. పోయే ప్రయాణం డబ్బు పోయినట్టేనని అప్పుడే వదిలేసుకున్నాను, దాని గురించి నాకు ఫిర్యాదు లేదు.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు రాత్రి వెబ్ చెక్-ఇన్ చేయబోతే, ఆ పీఎన్‌ఆర్ మీద ప్రయాణమేదీ లేదని వచ్చింది. మళ్లీ కొట్టి చూశాను, అదే మాట. మెసేజ్ లేదు, మెయిల్ లేదు. సీటు ఎంచుకోండి, భోజనం ముందే బుక్ చేసుకోండి అని అంతకుముందు దాకా అదే నంబరుకి వరసగా మెసేజ్‌లు పంపినవాళ్లు, టికెట్ రద్దు చేశామన్న ఒక్క ముక్క పంపలేదు. కస్టమర్ కేర్‌లో చాలాసేపు వేచి ఉన్నాక ఒకాయన అందుకున్నాడు. "మీరు నో-షో అయ్యారండి, మిగతా సెక్టార్లు సిస్టమే తీసేసింది" అన్నాడు. అంటే చెప్పకుండా విమానం ఎక్కలేదు కాబట్టి, టికెట్‌లో మిగిలిన ప్రయాణం రద్దయిందని. పోయే ఫ్లైట్ బయల్దేరకముందే చెప్పి ఉంటే ఏమైనా చేయగలిగేవాళ్లమేమో అని కూడా అన్నాడు. ఆయనతో మాట్లాడుతూనే వాళ్ల వెబ్‌సైట్ తెరిచాను. అదే విమానంలో సీట్లు అమ్ముతున్నారు, ఆఖరి నిమిషం ధరకి. డబ్బు కట్టేసిన ప్రయాణానికే మళ్లీ కట్టాను. వెనక్కి వచ్చింది ఎయిర్‌పోర్టు పన్నులు మాత్రమే, అవి కూడా నేను ఫారం నింపి అడిగాకే.

దీనికి వాళ్లు చెప్పే కారణం ఒకటుంది. టికెట్ ధర మొత్తం ప్రయాణానిది, వరస తప్పకుండా వాడాలి అంటారు. కొన్ని రూట్లలో ఒకవైపు టికెట్ కన్నా రానుపోను చవక, నేరుగా వెళ్లే విమానం కన్నా మధ్యలో ఆగేది చవక. అలాంటి టికెట్ కొని ఒక ముక్క వాడుకుని మిగతాది వదిలేసేవాళ్లను ఆపడానికే ఈ నిబంధన. సరే, కానీ నేను లాభం కోసం ఏదీ వదిలేయలేదు. నాకోసం పెట్టిన సీటు ఒకటి ఖాళీగా వెళ్లింది, అంతే. జర్మనీలో అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2010లోనే, ఇలా గుడ్డిగా రద్దు చేసే షరతు చెల్లదని చెప్పింది. ధర విధానాన్ని కాపాడుకోవాలనుకుంటే తేడా డబ్బు అడగొచ్చు గానీ, కొన్న ప్రయాణం పూర్తిగా లాక్కోకూడదన్నది దాని సారం. నాకు న్యాయంగా తోచేది కూడా అదే. కనీసం రద్దు చేసిన నిమిషంలో ఒక మెసేజ్ పంపినా, ఇంకా సీట్లు చవగ్గా ఉన్నప్పుడే వేరేది చూసుకోవడానికి టైము ఉండేది.

టైముకి బయల్దేరతారన్న మాట ఇప్పటికీ అంటాను, పొద్దుటి విమానాల వరకు. రాత్రివి ఈ మధ్య బాగానే ఆలస్యమవుతున్నాయి. సిబ్బంది మర్యాద కూడా నిజమే, కాకపోతే మర్యాదగా మాట్లాడేవాళ్ల చేతిలో సరిదిద్దే అధికారం లేదు.

ఇంట్లో పెద్దవాళ్లు ఉండి, ఎప్పుడు పరిగెత్తాల్సి వస్తుందో తెలియని నాలాంటివాళ్లు పోయేది ఒకటి, వచ్చేది ఒకటి వేరువేరు పీఎన్‌ఆర్‌లుగా కొనుక్కోవడం మేలు. దూర ప్రయాణాల్లో ఇది ఎక్కువ ఖర్చు, అందుకే అందరికీ చెప్పలేను. తేదీలు మారని ఆఫీసు పని మీద వెళ్లేవాళ్లకి ఈ నిబంధన ఎప్పటికీ తగలకపోవచ్చు. తప్పనిసరై పోయే విమానం వదిలేయాల్సి వస్తే మాత్రం, అది బయల్దేరకముందే ఫోన్ చేసి, తిరుగు సీటు ఉంచుతామని మెయిల్‌లో రాయించుకోండి.