పెద్దవాళ్ల ఇల్లు: ఉన్నదే సర్దాలా, మారాలా? ఏది మేలు?

వృద్ధులకు అనువైన ఇళ్లు అనగానే నగర పాలకుల చూపు కొత్త భవనాల మీదికే పోతుంది. కానీ ఇప్పుడు యాభైల్లో, అరవైల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ముసలితనం గడిచేది ఇప్పటికే కట్టి ఉన్న ఇళ్లలోనే. అలాంటివాళ్ల ముందున్న దారులు మూడు: ఉన్న ఇంటిని సర్దుకోవడం, పెద్దల కోసమే కట్టిన సముదాయానికి వెళ్లడం, అదే పేటలో లిఫ్టున్న చిన్న ఫ్లాటుకు మారడం. వీటిని తూచడానికి ఒక ప్రశ్న చాలు. మంచం మీంచి లేచిన మనిషి బాత్‌రూముకీ, అక్కణ్నుంచి వీధిలోకీ ఇంకొకరి సాయం లేకుండా వెళ్లగలరా?

ఇల్లు సర్దాలంటే పని బాత్‌రూములో మొదలవ్వాలి. తువ్వాలు వేసే కడ్డీనే చాలామంది ఊతంగా పట్టుకుంటారు. అది మనిషి బరువుకు చేసింది కాదు, జారినప్పుడు మరలతో సహా ఊడి వస్తుంది. అసలైన పట్టుకడ్డీ 32 నుంచి 38 మి.మీ. లావు ఉండాలి, గోడకూ దానికీ మధ్య సందు 40 మి.మీ. దాటకూడదు. సందు ఎక్కువైతే పట్టు తప్పినప్పుడు ముంజేయి అందులో ఇరుక్కుంటుంది. మర టైలు దగ్గరే ఆగిపోకుండా వెనకున్న ఇటుకలోకో కాంక్రీటులోకో దిగాలి. గోడ తట్టినప్పుడు డొల్లగా మోగితే మర బిగించడానికి గోడలో దించే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు పనికిరాదు.

తర్వాత తలుపు. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడిపోతే బయటివాళ్లు తోసి తెరవలేరు. బయటికి తెరుచుకునేలా మార్చి, బయటినుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించాలి. చక్రాల కుర్చీకి 900 మి.మీ. ఖాళీ ఉంటే హాయి. తలుపు చట్రం వెడల్పు 900 అని మేస్త్రీ చెబితే సరిపోదు, రెక్క మందం, చట్రం పోగా మిగిలేదెంతో టేపు పెట్టి చూడాలి.

గుమ్మం దగ్గరే చాలా ఇళ్లు ఓడిపోతాయి. చక్రాల కుర్చీకి తగిన ర్యాంపు వాలు 1:12, అంటే ఎత్తుకు పన్నెండు రెట్ల పొడవు; 450 మి.మీ. ఎత్తుకు 5.4 మీటర్లు కావాలి. అంత చోటు లేక నిటారుగా కట్టేస్తారు. కారు మాత్రమే ఎక్కగలిగే అంత నిటారు వాలు మీద కుర్చీ నెట్టేవాళ్లకు ఊపిరి అందదు, దిగేటప్పుడు ఆపడం ఇంకా కష్టం.

లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉంటే ఎన్ని కడ్డీలు బిగించినా మనిషి ఇంట్లోనే బందీ. బయట లిఫ్టు కట్టిద్దామంటే కింది ఫ్లాటువాళ్లు సాధారణంగా ఒప్పుకోరు. వాళ్లకు ఖర్చూ చీకటీ తప్ప వచ్చేదేముంది? ఒప్పుకున్నా, అలాంటి లిఫ్టు తరచూ మెట్ల మలుపు దగ్గరే ఆగుతుంది, ఇంకా సగం మెట్లు మిగిలే ఉంటాయి.

పెద్దల సముదాయాల్లో తలుపులు, లిఫ్టు, బాత్‌రూము సరిగ్గానే ఉంటాయి, చిక్కంతా గేటు బయటే. భూమి చవగ్గా దొరికే ఊరి చివర కడితే పాత స్నేహితులు, అలవాటైన డాక్టరు, బస్సు అన్నీ దూరమవుతాయి. ఒప్పందంలో మూడు సంగతులు చదవకుండా సంతకం పెట్టొద్దు: నెలవారీ రుసుము ఏ లెక్కన పెరుగుతుంది, మంచాన పడితే అక్కడే ఉండనిస్తారా, వెళ్లిపోతే కట్టిన సొమ్ము ఎప్పటికి తిరిగొస్తుంది. రోజూ ఇంకొకరి సాయం కావలసినవాళ్లకు మాత్రం ఇదే సరైన చోటు.

మిగతావాళ్లకు, మెట్లు అడ్డం కానంత వరకు సర్దుకోవడమే మేలు. అడ్డమైతే అదే పేటలో చిన్న ఫ్లాటు. నడక బాగున్నప్పుడే మారితే కొత్త దారులు అలవాటవుతాయి, తుంటి విరిగాక మారితే ఆ అవకాశం ఉండదు. ఫ్లాటు చూడటానికి వెళ్లినప్పుడు లిఫ్టు లోపలి కొలత తీసుకోండి, 1100 × 1400 మి.మీ. అయితేనే కుర్చీతో పాటు ఇంకో మనిషి పడతారు. కరెంటు పోతే లిఫ్టు నడుస్తుందా అనీ అడగండి.

అసలు కొరత ఇలాంటి ఫ్లాట్లకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన వృద్ధహిత నగరాల మార్గదర్శిలోని ఎనిమిది అంశాల్లో గృహవసతి, రవాణా రెండూ ఉన్నాయి. నగరాల్లో మాత్రం ఈ రెంటినీ వేర్వేరు శాఖలు చూసుకుంటాయి. పెద్దల ఇళ్లకు బస్టాపు పక్క స్థలం కేటాయించాలని పట్టుబట్టేది గృహ శాఖే అవ్వాలి. కొత్తగా కట్టే ప్రతి ఫ్లాటులోనూ కమోడ్ పక్క గోడను గట్టి ఇటుకతోనే కట్టాలని నిబంధన పెడితే, ఇరవై ఏళ్ల తర్వాత పట్టుకడ్డీ బిగించడం పూటలో తేలిపోయే పని.