ఆరు కోళ్ల గూడు: మూడింటికైతేనే మేలు

బెంగళూరులో మారతహళ్లి వైపు మిద్దెల మీద కోళ్లు పెంచే తెలుగువాళ్లు ఈ మధ్య కొంటున్న రెడీమేడ్ చెక్క గూడు ఇది. పొడవు 4 అడుగులు, వెడల్పు 3. ఆరు పెట్టలు పడతాయని అమ్ముతున్నారు. పడతాయి గానీ ఇమడవు. పెట్టకు కనీసం 4 చదరపు అడుగులు ఉండాలి. మన హెబ్బాళ్‌లో పుట్టిన గిరిరాజ లాంటి భారీ కోళ్లకు ఇంకా కావాలి.

చెక్క గట్టిది, జాలీ సన్నది, పిల్లి పంజా దూరదు. అసలు లోపం మేత దగ్గర. ఒకే తొట్టి, అదీ మూలన. పెత్తనం చేసే పెట్ట మెడ నిక్కించి అక్కడ నిలబడితే చాలు, అట్టడుగుది తల దించి గోడవారగా జారుకుంటుంది. సందెవేళ దాని మెడ కింద మేత సంచి తడిమి చూడండి, ఖాళీగా తగులుతుంది. మొదటి తొట్టి దగ్గర్నుంచి కనపడని చోట రెండోది పెట్టాల్సిందే.

కూర్చునే కర్రలు రెండు ఎత్తుల్లో బిగించారు. పైకర్ర కోసం రోజూ కుమ్ములాటే. రెండింటినీ ఒకే ఎత్తుకు మార్చి, పెట్టకు 8-10 అంగుళాలు వదిలితే గొడవ తగ్గుతుంది.

మధ్యలో ఊడదీసే జాలీ తలుపు మాత్రం చాలా మంచి ఆలోచన. కొత్త కోళ్లను పది రోజులు దాని అవతల ఉంచి, ఒంటరిగా కాకుండా జంటగా కలపండి. ఏ కోడి జుట్టు మీదైనా నెత్తురు కనబడితే దాన్ని వెంటనే వేరుచేయాలి. ఎరుపు చూస్తే మిగతావీ పొడుస్తాయి.

మూడు పెట్టలకు కొనొచ్చు. పందెం జాతి అసీల్ పుంజులు రెండుంటే మాత్రం వద్దు.