జక్కవలు వెళ్లిపోయే లోపల

శివరాత్రి దాటిన మొదటి ఆదివారం నేనూ మా బావమరిదీ ఏటూరునాగారం దగ్గర గోదావరి ఒడ్డున పక్షులను చూసి వచ్చాము. హనుమకొండ నుంచి ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా 163వ నంబరు జాతీయ రహదారిపై బస్సులో దాదాపు రెండున్నర గంటల ప్రయాణం. తాడ్వాయి అడవిలో మోదుగులు అప్పటికే ఎర్రబారాయి.

నిరుడు ఇదే పనికి లక్నవరంలో బస చేసి పొరపాటు చేశాము. చెరువులోని దీవులు, వేలాడే వంతెన, హరిత కాటేజీలు పిల్లలతో వెళ్లేవారికి ఎంతో బాగుంటాయి. కానీ అక్కడి నుంచి గోదావరికి గంటకు పైగా పడుతుంది, మేము చేరేసరికి ఎండెక్కి పక్షులు అవతలి ఇసుకతిన్నెలకు జరిగిపోయాయి. ఈసారి ఏటూరునాగారంలోనే ఒక లాడ్జిలో దిగాము. గది ఇరుకు, దోమలు విపరీతం, ఇస్తామన్న వేడినీళ్లు ఇవ్వనే లేదు. అయినా మళ్లీ అక్కడే దిగుతాను, ఎందుకంటే తెల్లవారకముందే రామన్నగూడెం పుష్కర ఘాటు మెట్ల మీద కూర్చోగలిగాము. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, ఆ వేళ ఏటిగాలికి శాలువా విప్పలేకపోయాము.

వెలుగు పరచుకోగానే నీటి అంచున నారింజ రంగు జక్కవలు కనిపించాయి. లడఖ్, టిబెట్ వైపు పీఠభూముల్లో పొదిగి చలికాలానికి మన నదులకు దిగే ఈ బాతులు ఎండలు ముదిరేలోగా తిరిగి వెళ్లిపోతాయి కనుక, మార్చి దాటాక వచ్చి వీటిని వెదకడం దండగ. రాత్రంతా జంటలు ఎడబాసి ఏడుస్తాయని కావ్యాలు చెప్పే చక్రవాకాలు ఇవే. మేము చూసిన ఆరూ మాత్రం జంటలు జంటలుగా, ఏ దిగులూ లేకుండా రెక్కలు సర్దుకుంటున్నాయి. నలుపు తెలుపుల లకుముకి ఒకటి గాలిలో నిలిచి రెక్కలాడిస్తూ, నిటారుగా నీటిలోకి పడి, చేపతో లేచిన తీరును చూడడానికి బైనాక్యులర్ కూడా అవసరం లేకపోయింది. నల్లని నెత్తి, పసుపు ముక్కు గల రివర్ టెర్న్‌లు ప్రవాహం వెంట ఎగువకూ దిగువకూ తిరుగుతున్నాయి. ఒడ్డు మీది యాసంగి వరిమళ్లలో నత్తగుల్ల కొంగలు బురదను కెలుకుతున్నాయి.

తొమ్మిది తర్వాత వెళ్లిన ముల్లకట్ట వంతెన నిరాశపరిచింది. పై నుంచి నది విశాలంగా కనిపిస్తుంది, కానీ ఇసుక లారీల దుమ్ములో, అదురులో బైనాక్యులర్ నిలవదు.

ఆటోను ముందురాత్రే మాట్లాడుకోవడం మంచిది. మా ఆటో ఆయనకు పక్షుల పేర్లతో పనిలేదు గానీ, ఇసుకలోకి దిగిన మా తలల మీద రెండు తీతువులు అరుస్తూ తిరగడం చూసి, “అటు పోకుండ్రి సార్, గుడ్లు పెట్టినయేమో, కాలు పడితే కనవడవు” అని ఒడ్డు నుంచే కేకేసి మమ్మల్ని వెనక్కి పిలిచాడు.